మడిచిన సైకిలు, మడవని వెడల్పు

మా వారికి పక్షవాతం వచ్చి ఏడేళ్లు గడిచాయి. అల్లాహ్ దయవల్ల మాట, నడక తిరిగి వచ్చాయి గాని ఎడమ వైపు పట్టు పూర్తిగా రాలేదు. యవ్వనంలో గుంటూరు వీధులన్నీ సైకిలు మీద చుట్టిన ఆయన ఇక రెండు చక్రాల మీద నిలదొక్కుకోలేరని ఇక్కడి బర్మింగ్‌హామ్ వైద్యులు చెప్పిన తరువాత, మా ఇంట్లో సైకిలు ప్రస్తావనే ఆగిపోయింది.

కొంతకాలానికి రికంబెంట్ ట్రైక్ గురించి తెలిసింది. ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి ఉంటాయి. పడక కుర్చీలో వలె వెనక్కు వాలి, కాళ్లు ముందుకు చాచి తొక్కాలి. నిలిపినా పక్కకు ఒరగదు. బలహీనమైన పాదాన్ని పెడలుకు పట్టీతో బిగించవచ్చు. మడిచే రకం రెండు తెచ్చుకున్నాము. మొదటి రోజు ఆయన ఉద్యానవనం చుట్టూ ఒంటరిగా తిరిగి వచ్చినప్పుడు మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేకపోయాము.

ఆ ధైర్యంతోనే హాలెండ్ ప్రయాణం తలపెట్టాము. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం ఉన్న హార్లెమ్మర్‌మేర్ ఒకప్పుడు పెద్ద సరస్సు. ఆవిరి యంత్రాలతో నీటిని తోడి 1852 నాటికి దానిని నేలగా మార్చారు. ఆ నేలను చుట్టి సుమారు 60 కిలోమీటర్ల కాలువ ఉన్నది. దారిలో ఎక్కడా పెద్ద ఎక్కుడు లేదు. మా వారికి అంతకన్న అనువైన దారి మరొకటి తోచలేదు.

విమానం టిక్కెట్లు, బస, పటాలు అన్నీ నెలల ముందే సిద్ధం చేసుకున్నాము. ఇంటి నుంచి విమానాశ్రయానికి వెళ్లే అరగంట ప్రయాణం గురించి మాత్రం ఎవరమూ ఆలోచించలేదు. టాక్సీ వారికి "ఇద్దరు ప్రయాణికులు, రెండు మడిచే సైకిళ్లు" అని చెప్పి, ఇన్‌షా అల్లాహ్ సర్దుకుంటుందిలే అనుకున్నాము.

మడిచే సైకిలు అంటే ఎవరైనా చేతిసంచి వంటి చిన్న సైకిలునే ఊహిస్తారు. తెల్లవారుజామున మామూలు కారు వచ్చింది. ట్రైకును మడిస్తే పొడవు తగ్గుతుంది గాని, ముందు చక్రాల మధ్య వెడల్పు అట్లాగే ఉంటుంది. మా వాటికి అది సుమారు 80 సెంటీమీటర్లు. వెనుక సీట్లు వాల్చితే ఒక్కటి పట్టింది, అప్పుడు మాకు చోటు లేకపోయింది. రెండవ కారు కోసం ఎదురు చూస్తుండగా మా వారు ఓపిక పట్టలేక ఒక్క చేత్తో సంచి ఎత్తబోయి తూలారు. డ్రైవరు పట్టుకోబట్టి పడలేదు. మేము చేరేసరికి సామాను తీసుకునే కౌంటరు మూసివేశారు.

తిరిగి వస్తూ ఆయన, "నేను లేకపోతే నువ్వు ఒక పెట్టెతో హాయిగా వెళ్లి ఉండేదానివి" అన్నారు. విమానం తప్పినందుకన్నా ఆ మాటకే ఎక్కువ బాధపడ్డాము. తప్పు ఆయన చేతిది కాదు, మేము చెప్పవలసినది చెప్పకపోవడానిది.

మరుసటి సంవత్సరం ముందుగా కొలబద్ద తీసుకున్నాము. మడిచి సంచిలో పెట్టిన తరువాత పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాము. ఆసనాన్ని వేరు చేసి బట్టల పెట్టెలో పెట్టాము. తూకం సంచితో కలిపి 22 కిలోలకు దిగింది, విమాన సంస్థ పరిమితి 23. కొలతలు, ఫొటో పంపి, ఎనిమిది మంది కూర్చునే వ్యాను కావాలని, డ్రైవరు ఎత్తడానికి సాయపడాలని అడిగి, జవాబు వ్రాతపూర్వకంగా తీసుకున్నాము. తిరిగి వచ్చే రోజుకూ, ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాక బసకు చేరడానికీ అదే విధంగా చేశాము. ఖాళీ సంచులు ఉంచుకోవడానికి ఒప్పుకున్న హోటలులోనే మొదటి రాత్రి, చివరి రాత్రి గడిపేలా చూసుకున్నాము.

మోటారు అమర్చుకుందామన్న ఆలోచన మానుకున్నాము. 160 వాట్-అవర్లు మించిన సైకిలు బ్యాటరీని ప్రయాణికుల విమానంలో అనుమతించరు. సాధారణ విద్యుత్ సైకిళ్ల బ్యాటరీలు అంతకు మించే ఉంటాయి.

అన్నిటికన్న కష్టమైనది మా వారిని ఒప్పించడం. బ్రిటన్‌లోనూ ఐరోపా సమాఖ్య దేశాలలోనూ నడక ఇబ్బంది ఉన్నవారు 48 గంటల ముందు తెలిపితే విమానాశ్రయంలో ఉచితంగా సహాయం చేస్తారు. "నన్ను చక్రాల కుర్చీలో తోసుకుపోతారా?" అని ఆయన చాలా రోజులు బిగుసుకున్నారు. చివరికి, "ఆ బలం కాలువ గట్టు మీద ఖర్చు పెట్టండి, వరుసలలో నిలబడి కాదు" అన్నప్పుడు నవ్వి ఒప్పుకున్నారు.

ఈసారి వ్యాను చెప్పిన వేళకు వచ్చింది. అవతల కూడా మా పేరు వ్రాసిన పలక పట్టుకుని ఒకరు నిలబడి ఉన్నారు. కాలువ చుట్టూ మూడు రోజులు నెమ్మదిగా తొక్కాము. సరస్సు నీటిని తోడిన క్రూకియస్ ఆవిరి యంత్రశాల వద్ద ఆగి టీ త్రాగాము. ఆయన అంతసేపూ మాకన్న ముందే ఉన్నారు.

ఇంట్లో పెద్దవారిని గాని, అశక్తులను గాని వెంట తీసుకు వెళ్లే సోదర సోదరీమణులకు మేము చెప్పగలిగినది ఇంతే. గమ్యం గురించి అందరమూ ఆలోచిస్తాము. గడప నుంచి వాహనానికి, వాహనం నుంచి కౌంటరుకు ఎవరు ఎత్తుతారు, ఎందులో పడుతుంది అన్నది ముందే తేల్చుకోండి. సమయానికి సామాను పట్టకపోతే, దానిని వెంట తెచ్చిన మనిషి తానే బరువైపోయానని అనుకుంటాడు.