మావాడి కారూ, లెక్కకి దొరికిన గుర్రాలూ

కందిపప్పు కొన్నా, బంగారం కొన్నా మన కళ్ళు ముందు వెళ్ళేది తూకం ముల్లు మీదకే. కొట్టువాడు ఎంత నమ్మకస్తుడైనా సరే, పొట్లం ఇంటికొచ్చాక ఒకసారి చేత్తో ఎత్తి చూసుకుంటాం. అదే మగవాళ్ళని చూడండి, కారు విషయంలో అన్నీ నోటిలెక్కలే. "నాది రెండొందల గుర్రాలు" అని ఒకడంటే "నాది రెండొందల యాభై" అని ఇంకొకడు. తూచిందెవరయ్యా అంటే మాత్రం జవాబుండదు.

ఆ మాట మా కోడలు అడిగింది. 2023 మే నెలలో, మేం డాలస్‌లో వాళ్ళింట్లో ఉన్నప్పుడు.

మావాడికి రెండు కార్లు. ఒకటి అందరం ఎక్కేది. రెండోది గరాజ్‌లో దుప్పటి కప్పుకుని పడుకునేది, 1990 మోడల్ మజ్దా మియాటా. రెండే సీట్లు, ఎర్ర రంగు, పైకప్పు మడిచి వెనక్కి పడేయొచ్చు. ఈ రకం కారుని 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారట. పదహారు వందల సీసీ ఇంజను, కంపెనీ చెప్పిన బలం 116 గుర్రాలు, బరువు వెయ్యి కిలోలకి అటూ ఇటూ. చిన్నది, తేలికైనది, అందుకే అంత ముచ్చట. ఆ ముచ్చట చాలక మావాడు దానికి టర్బో పెట్టించాడు. ఇంజను వదిలే పొగతోనే ఒక చిన్న చక్రం తిప్పి, దాంతో గాలిని ఇంజన్లోకి దట్టించడమన్నమాట. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ పోయొచ్చు, మంట పెరుగుతుంది. కట్టెలపొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊదినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. "బలం ఎంత పెరిగిందో చూద్దామని రాత్రిళ్ళు హైవే మీదకి తీసుకెళ్ళి తొక్కుతున్నారత్తయ్యా, తిరిగొచ్చేదాకా నాకు నిద్ర పట్టదు" అని కోడలు నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ అమ్మాయికప్పుడు అయిదో నెల.

మావారు "అమ్మిపారెయ్ రా" అన్నారు ఒక్క ముక్కలో. ముప్ఫై రెండేళ్ళవాణ్ణి అమ్మెయ్ అంటే అమ్ముతాడా? కోడలు అకౌంట్స్ చూసే ఉద్యోగం చేస్తుంది, దాని పద్ధతి వేరు. "మీకు తెలుసుకోవాలని ఉంటే తెలుసుకోండి, కానీ రోడ్డు మీద కాదు. బరువు కాటా మీద, బలం మెషీను మీద, వేగం ట్రాక్ మీద. మూడు కాయితాలూ నాకు చూపించండి. ఆ తరవాత రోడ్డు మీద అందరిలాగే నడపాలి" అంది. మావాడు సరేనన్నాడు. కాపలాగా నేనూ బయల్దేరాను.

మొదటిది బరువు. హైవే పక్కన ట్రక్కులాగే చోట పెద్ద కాటా ఉంది. నాకది కొత్తేం కాదు. గుంటూరు మిర్చి యార్డుకి మా మామగారు బళ్ళు తోలే రోజుల నుంచీ చూస్తున్నదే. ముందు లోడు లారీ, తరవాత ఖాళీ లారీ, తేడాయే సరుకు. ఇక్కడ మాత్రం పలకలు వేరువేరుగా ఉంటాయి. ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు ఇంకోదాని మీద పెడితే దేని బరువు దానికి చీటీ వస్తుంది. మావాడు కూర్చోగా మొత్తం 2,320 పౌండ్లు, అంటే 1,052 కిలోలు. టర్బో పెట్టకముందు ఇలాగే తను కూర్చుని తూయించినప్పుడు 2,380. తేడా అరవై పౌండ్లు, మన లెక్కలో 27 కిలోలు.

వాడి ముఖం చూడాలి! నూటయాభై తగ్గించానని అందరికీ చెప్పుకున్నాడు. స్టెప్నీ తీసేశాడు, కార్పెట్లు పీకేశాడు, రేడియో తీసేశాడు, ఆఖరికి ఏసీ కూడా పీకించాడు. డాలస్ ఎండల్లో ఏసీ లేని కారు ఏం సుఖమో నాకర్థం కాదు. పోనీ అనుకుంటే, టర్బో, దాని గొట్టాలు, గాలిని చల్లబరిచే జల్లెడలాంటిది ఒకటి, ఇవన్నీ కలిసి తీసిన బరువులో సగం మళ్ళీ తెచ్చిపెట్టాయి. మిగిలిన పొదుపు ఒక పాతిక కిలోల బియ్యం సంచీ. నేను పక్క సీట్లో కూర్చుంటే ఆ పొదుపూ పోయి అప్పు తేలుతుంది.

ఇందులో తెలుసుకోవాల్సినది ఇంకొకటుంది. ఆ కాటా 36 టన్నుల ట్రక్కుల కోసం పెట్టింది. పౌండు పౌండుకీ చెప్పదు, ఇరవై ఇరవైగా చెబుతుంది. బియ్యం కాటా మీద బంగారం తూస్తే ఎలా ఉంటుందో అలా. రెండుసార్లూ ట్యాంకులో పెట్రోలు ఒకే మట్టంలో ఉండాలి కూడా. లీటరు పెట్రోలు ముప్పావు కిలో దాకా ఉంటుంది, ఖాళీ ట్యాంకుతో తూచి కారు తేలికైందంటే అది తడి చింతపండు ఎండబెట్టి తూచినట్టే.

రెండోది బలం. గుర్రం అంటే ఎంతో ముందు చెప్పుకుందాం. ఈ కొలత పెట్టింది ఆవిరి యంత్రాన్ని బాగుచేసిన జేమ్స్ వాట్. మన ధాన్యం బస్తా 75 కిలోలు. ఆ బస్తాని ఒక్క సెకండులో మీటరు ఎత్తుకి లేపగలిగితే దాదాపు ఒక గుర్రం బలం. కరెంటు లెక్కలో 746 వాట్లు. మీ మిక్సీ వెనక 750 వాట్లని రాసి ఉంటే, వంటింట్లో ఒక గుర్రం ఉన్నట్టే. అయితే మిక్సీ లాక్కునే 750 అంతా బ్లేడు దాకా రాదు. కొంత వేడిగా పోతుంది, కొంత మన చెవులు పగిలే చప్పుడుగా పోతుంది. కారూ అంతే. ఇంజను దగ్గర పుట్టిన బలంలో నూటికి ఓ పదిహేను పాళ్ళు గేర్లలో, ఇరుసుల్లో అరిగిపోయి, మిగిలిందే చక్రాలకి అందుతుంది.

ఆ చక్రాల దగ్గర కొలిచే మెషీన్ని డైనో అంటారు. నేల్లో రోడ్డు రోలరంత బరువైన ఇనప డ్రమ్ము. కారు వెనక చక్రాలు దాని మీద ఎక్కించి, కారుని పట్టీలతో నాలుగు వైపులా కట్టేసి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి తొక్కుతారు. కారు కదలదు, డ్రమ్ము తిరుగుతుంది. డ్రమ్ము బరువు వాళ్ళకి ముందే తెలుసు కనక, అది ఎంత తొందరగా వేగం అందుకుందో చూసి బలం లెక్క కడతారు. ఆ మోతకి నేను బయటికొచ్చి నిలబడ్డాను. మూడుసార్లు తొక్కితే 171, 168, 166 వచ్చాయి. ఇంజను వేడెక్కేకొద్దీ లోపలికెళ్ళే గాలి పలచబడుతుంది, అందుకే తగ్గుతూ వచ్చింది. మావాడు మొదటిది రాసుకోబోతే నేనే "మధ్యది రాయరా" అన్నాను. 168 చక్రాల దగ్గర ఉంటే ఇంజను దగ్గర రెండొందల దరిదాపుల్లో ఉంటుంది. వాడు చెప్పుకున్నదాంట్లో అబద్ధం లేదు, కాకపోతే ఎక్కడ కొలిచినదో చెప్పలేదంతే!

మూడోది డాలస్‌కి దక్షిణాన ఎన్నిస్ దగ్గర, 1986లో కట్టిన డ్రాగ్ ట్రాక్‌లో. పావు మైలు, అంటే 402 మీటర్ల తిన్నటి దారి. పచ్చదీపం వెలగ్గానే బయల్దేరాలి. అయితే గడియారం దీపంతో మొదలవదు, కారు కదిలి గీత దగ్గరి కాంతికిరణాన్ని దాటినప్పుడు మొదలవుతుంది. మనిషి తటపటాయించిన సమయం విడిగా రాస్తారు, పాపం కారు నెత్తిన వెయ్యరు. హెల్మెట్ పెట్టుకుని మావాడు మూడుసార్లు వెళ్ళాడు. మొదటిసారి చక్రాలు జారి 15.1 సెకండ్లు. ఆఖరుసారి 14.4, చివరి గీత దగ్గర వేగం గంటకి 96 మైళ్ళు, అంటే 154 కిలోమీటర్లు. నా గుండె అక్కడే ఆగినంత పనైంది.

ఇంటికొచ్చాక కోడలు మూడు కాయితాలూ ముందేసుకుంది. ఈ కార్ల పిచ్చివాళ్ళు వాడే లెక్కొకటుంది. చివరి వేగాన్ని 234తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే మూడుసార్లు హెచ్చవేసి, పౌండ్లలో బరువుతో గుణిస్తే గుర్రాలు వస్తాయి. అది ఫోన్లోనే చేసింది. 160 వచ్చింది. డైనో 168 అంది, ట్రాక్ 160 అంది. ఉజ్జాయింపు లెక్కకి ఆ ఎనిమిది తేడా పెద్దదేం కాదు. "కాయితాలు కలిశాయి, ఇంక మీకు హైవే మీద తెలుసుకోవాల్సింది ఏముంది?" అంది. మావాడు నవ్వాడుగానీ మాట్లాడలేదు.

నాకు మాత్రం ఒకటి వెలితిగా అనిపించింది. "ఎంతసేపట్లో పరిగెత్తిందో రాశారు సరే, ఎంతదూరంలో ఆగిందో ఏ కాయితంలో ఉందిరా?" అన్నాను. దేన్లోనూ లేదు. బలం పెంచినవాడు బ్రేకులు ముట్టుకోలేదు. 60 మైళ్ళ వేగంలో ఆగడానికి పట్టే దూరానికి, 96 మైళ్ళలో రెండున్నర రెట్లు కావాలని వాడే ఒప్పుకున్నాడు. కోడలు ఊరుకుంటుందా, టార్చిలైటు పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళింది. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. మీ ఇంటి కారుకీ ఉంటాయి, రేపొకసారి చూడండి. మియాటాకి 2314 అని ఉంది. 2014లో ఇరవై మూడో వారం. తొమ్మిదేళ్ళ రబ్బరు మీద ఆ పరుగు!

మన దగ్గర ఈ తంటా మరోలా ఉంటుంది. కంపెనీ తయారుచేసిన తీరుకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా సైలెన్సర్లు మార్చి వీధి అదరగొట్టే పిల్లలు మా సందులోనే నలుగురున్నారు. చప్పుడు పెరిగితే బలం పెరిగిందనుకుంటారు, తూచినవాడు ఒక్కడూ లేడు.

ఆ శనివారమే టైర్లూ, బ్రేకు ప్యాడ్లూ, బ్రేకు ఆయిలూ మారాయి. ఇంకో టర్బో గొట్టానికని దాచుకున్న డబ్బు వాటికే పోయింది. మేం జూలైలో తిరిగొచ్చేశాం, పురిటికి వాళ్ళమ్మగారు వెళ్ళారు. "వాడు రాత్రిళ్ళు వెళ్తున్నాడా?" అని ఫోన్లో అడిగితే "కిలోమీటర్ల మీటరు చూస్తూనే ఉన్నానత్తయ్యా" అంది. సెప్టెంబరు చివర్లో మనవరాలు పుట్టింది. దాన్ని ఆస్పత్రి నుంచి తీసుకొచ్చింది అందరం ఎక్కే కారులోనే, మియాటాకి వెనక సీటే లేదుగా.