అమ్మీ సఫర్‌కి ఒక కెమెరా, రెండు కార్డులు

"బీదర్ ఒక్కసారి చూపించు బేటా. మళ్లీ అడగను."

కిందటి చలికాలంలో ఓ రోజు ఫజర్ నమాజు అయ్యాక, తస్బీ చేతిలో ఉండగానే అమ్మీ ఈ మాట అంది. బీదర్ అమ్మీ మైకా. చౌబారా దగ్గర గల్లీలో మా నానా కట్టించిన ఇల్లుంది. మామూ కొడుకులు దాన్ని బేరం పెట్టారని ముందురోజే ఫోనొచ్చింది. కొన్నవాళ్లు దాన్ని ఉంచరు, కూలగొట్టి కాంప్లెక్స్ కడతారు. అమ్మీకి డెబ్బై నాలుగేళ్లు. ఒక కంటికి మోతియా ఆపరేషన్ అయింది, రెండోది వాయిదా పడుతూ వస్తోంది. మోకాళ్ల సంగతి సరేసరి.

"తప్పకుండా అమ్మీ, ఇన్షాఅల్లాహ్ వచ్చే వారమే" అన్నాను. అన్నానే గానీ గుండెలో ఒక ముల్లు కదిలింది. ఎందుకంటే అంతకుముందు ఇంట్లో పెద్దవాళ్లతో చేసిన సఫర్ అబ్బాతో. ఆ సఫర్ తస్వీర్లు నా దగ్గర లేవు.

అబ్బా ఉర్దూ మీడియం బడిలో తారీఖ్ చెప్పిన మాస్టారు. రిటైరయ్యాక ఆయనకు ఒకటే ఆర్జూ: గుల్బర్గా, బీజాపూర్ మళ్లీ చూడాలని. తీసుకెళ్లాను. మొదటి రోజు గుల్బర్గాలో ఖ్వాజా బందానవాజ్ దర్గా, కోట. రెండో రోజు బీజాపూర్. గోల్ గుంబజ్ మెట్లన్నీ కూర్చుంటూ లేస్తూ ఎక్కారు. ఆ గుమ్మటం దాదాపు 44 మీటర్ల వెడల్పు. లోపల చుట్టూ ఉన్న గ్యాలరీలో ఒక పక్క గుసగుసలాడితే ఎదుటి పక్క వినిపిస్తుంది. అబ్బా ఆ చివర గోడకు మొహం ఆనించి మా అమ్మాయి పేరు పిలిచారు. ఈ చివర అది "జీ, దాదా" అంది. ఆ నిమిషం నేను పది పన్నెండు ఫోటోలు తీశాను. ఒక వీడియో కూడా.

ఇంటికొచ్చి కార్డు కంప్యూటర్లో పెడితే గుల్బర్గా మొత్తం ఉంది. బీజాపూర్ నుంచి ఏమీ తెరుచుకోలేదు. ఫైళ్ల పేర్లున్నాయి, తారీఖులున్నాయి, సైజులున్నాయి. తెరిస్తే బూడిదరంగు డబ్బా. పేర్లున్నాయి, తస్వీర్లు లేవు. మళ్లీ వెళ్దాంలే అన్నారు అబ్బా. ఎనిమిది నెలలకు ఇన్నాలిల్లాహ్ చదవాల్సి వచ్చింది.

తర్వాత తెలిసింది, అది నఖిలీ కార్డు. పైన 64 జీబీ అని రాసి ఉంది, లోపల నిజంగా ఉన్నది 8. కార్డులో ఒక చిన్న చిప్పు ఉంటుంది, "నాలో ఇంత జాగా ఉంది" అని కెమెరాకు చెప్పేది అదే. దాంతో అబద్ధం చెప్పిస్తారు. ఫైళ్ల ఫెహరిస్త్ కార్డు మొదట్లో రాసుకుంటుంది కాబట్టి పేర్లన్నీ భద్రంగా ఉంటాయి. 8 నిండాక వచ్చిన ఫోటోలు గాల్లోకి పోతాయి. నొక్కిన వెంటనే తెరమీద కనిపించే బొమ్మ కెమెరా సొంత మెమరీలోంచి వస్తుంది కాబట్టి తీసేవాడికి అనుమానం రాదు. సగం ధరకు దొరికిందని, బిల్లు అడగకుండా, ఫుట్‌పాత్ మీద కాదు, దుకాణంలోనే కొన్నాను. ఆ దుకాణం పేరు రాయను. రసీదు అడగని తప్పు నాదే.

మా ఇళ్లలో తస్వీర్ సంగతి మీకు తెలియనిది కాదు. మా నానీ జీవితంలో ఒక్క ఫోటో దిగలేదు. తస్వీర్ ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారని ఆమె యకీన్. ఆలిముల మధ్య ఈ మసలాలో ఇఖ్తిలాఫ్ ఉంది, నేను ఫత్వా ఇచ్చేవాణ్ని కాను. అయితే ఒక సంగతి చదివినప్పుడల్లా నాకు నానీ గుర్తొస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్. ఆయనకు ముసవ్విర్ జంగ్ అని ఖితాబు కూడా ఇచ్చారు. ఆయన 1892లో హైదరాబాదులో పరదా ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతికిచ్చారు. అంటే నానీ పుట్టకముందే ఈ రియాసత్‌లో బేగంలు ఇత్మినాన్‌గా కూర్చుని ఫోటో దిగారు. మా నానీ మొహం మాత్రం అమ్మీ కళ్లలో తప్ప ఎక్కడా లేదు. ఆ కళ్లకిప్పుడు మోతియా.

అందుకే ఈసారి కెమెరా, కార్డు రెండూ హిసాబ్‌గా కొనాలనుకున్నాను.

"అబ్బూ, ఫోన్ ఉందిగా?" అంది మా అమ్మాయి. న్యాయమైన సవాలే. ఎండలో, ఆరుబయట ఫోను చాలు. మీ సఫర్ అలాంటిదైతే డబ్బు దాచుకోండి, నా సలహా అదే. నా అవసరం వేరు. కాగితం తీసి మూడు ముక్కలు రాసుకున్నాను. ఒకటి: అంతా చీకటి జాగాలే. పాత ఇల్లు, సన్న కిటికీలు, గుమ్మటాల లోపలి గదులు. రెండు: ఇరుకు గదిలో వెనక్కి జరగలేను, కాబట్టి లెన్సు వెడల్పుగా చూడాలి. మూడు: నాకు ఒక్క చెయ్యే ఖాళీ. రెండో చెయ్యి అమ్మీ పట్టుకుని ఉంటుంది.

ఈ మూడోది రాశాక సగం కెమెరాలు వాటంతటవే తప్పుకున్నాయి. లెన్సులు మార్చే పెద్ద కెమెరాలు బహుత్ ఖూబ్, కానీ రెండు చేతులు కావాలి, భుజాన బ్యాగు కావాలి. ముప్ఫై రెట్ల జూమ్ అని అట్టపెట్టె మీద రాసుకునేవి చూశాను. మా దేవరయాంజాల్ పైనుంచి హకీంపేట విమానాలు పోతుంటాయి కదా, పిల్లలకు ఆ జూమ్ మీదే మనసు. ఎయిర్‌ఫోర్స్ జాగా వైపు కెమెరా తిప్పడం కూడదని వాళ్లకు అక్కడే సబక్ చెప్పాను. పైగా ఆ జూమ్ కెమెరాల్లో సెన్సర్ చిటికెన వేలి గోరంత, వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. ఒక అంగుళం సెన్సర్ అనేది 116. పేరుకే అంగుళం, కొలిస్తే 13.2కి 8.8 మిల్లీమీటర్లే. అయినా నాలుగు రెట్లు పెద్దది. సెన్సర్ అంటే వాన కింద పెట్టిన పళ్లెం అనుకోండి. పళ్లెం పెద్దదైతే నీళ్లెక్కువ, అలాగే సెన్సర్ పెద్దదైతే వెలుతురెక్కువ.

మెగాపిక్సెళ్ల గురించి బేఫికర్‌గా ఉండండి. ఏ4 కాగితమంత ప్రింటు నిక్కచ్చిగా రావడానికి దాదాపు 9 మెగాపిక్సెళ్లు చాలు. ఇప్పుడు చాలా కెమెరాల్లో అంతకు రెట్టింపు ఉంటాయి. చూడాల్సింది లెన్సు మీద ఎఫ్ పక్కన ఉండే అంకె. అది ఎంత చిన్నదైతే లెన్సు అంత విశాలంగా తెరుచుకుంటుంది. 3.5 కంటే 1.8 దాదాపు నాలుగు రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది.

జుమా నమాజు చదివి సికింద్రాబాద్ మీదుగా కోఠీ వెళ్లాను. గుజరాతీ గల్లీలో నాలుగు దుకాణాలు తిరిగాను. మొదటి మూడు చోట్లా "బడ్జెట్ ఎంత సార్?" అన్నారు. నాలుగో చోట తెల్లగడ్డం పెద్దాయన మాత్రం "షాదీలకా, సఫర్‌కా?" అనడిగాడు.

"సఫర్‌కే చాచా. చీకటి ఇంట్లో మా అమ్మీని తియ్యాలి."

ఆయన అద్దాల బీరువాలోంచి సోనీ ఆర్‌ఎక్స్100 మూడో మోడల్ తీశాడు. 2014 నాటి మోడల్, వాడినది. అంగుళం సెన్సర్, 24 నుంచి 70 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్ 1.8. బరువు 290 గ్రాములు, షేర్వానీ జేబులో కూడా పడుతుంది. ఫోను చార్జరుతోనే చార్జవుతుంది. ఇరవై ఆరు వేలన్నాడు, ఇరవై నాలుగు వేలకు ఖరారైంది. "బిల్లు లేకుండా అయితే ఇంకో రెండు వేలు తగ్గిస్తా" అనబోయి, నా మొహం చూసి ఆపేశాడు.

పాత కెమెరా కొనేవాళ్లు ఇవి చూసుకోండి. తెల్లగోడను ఫోటో తీసి పెద్దది చేసి చూడాలి. మచ్చలుంటే లోపల దుమ్మున్నట్టే. జూమ్ ముందుకూ వెనక్కూ పదిసార్లు తిప్పాలి, గరగర వినిపిస్తే వద్దు. బ్యాటరీ ఉబ్బిందేమో బల్లమీద పెట్టి చూడాలి. కెమెరా కింద ఉన్న సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోవాలి. ఒక బ్యాటరీ అదనంగా తీసుకోండి. ఉమ్రాకో గల్ఫ్‌కో విమానంలో వెళ్లేవాళ్లు ఆ విడి బ్యాటరీని చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వెయ్యకూడదు.

ఇక అసలు సంగతి, కార్డులు. చాచా 64 జీబీ ఒకటి చూపించాడు. నేను 32వి రెండు అడిగాను. ఒకటి పోయినా సఫర్ సగమే పోతుంది. బీజాపూర్ నేర్పిన పాఠమిది. కార్డు మీద సి అక్షరంలో 10 అని ఉంటే సెకనుకు కనీసం 10 మెగాబైట్ల వేగం, యు అక్షరంలో 3 గానీ వి30 గానీ ఉంటే 30. ఫోటోలకు మొదటిది సరిపోతుంది, 4కే వీడియో తీసేవాళ్లకు రెండోది కావాలి. బజారు ధరలో సగానికి దొరికే కార్డు సస్తా కాదు, ధోకా. సీలు చూసి, బిల్లు తీసుకుని ఇంటికొచ్చాను.

అసర్ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక ముఫ్త్ ప్రోగ్రాం ఉంది. కార్డును అంచుదాకా నింపి, రాసింది రాసినట్టు తిరిగి చదివి చూస్తుంది. రెండు కార్డులూ అయ్యేసరికి మగ్రిబ్ అజాన్ వినిపించింది. రెండూ పాస్. 32 బదులు 29.8 అని చూపిస్తే కంగారు పడకండి. అది మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, కంప్యూటర్ 1024 చొప్పున. తర్వాత కార్డుల్ని కెమెరాలో పెట్టి అక్కడే ఫార్మాట్ చేశాను. ఆ పాత కార్డుకు ఈ గంటన్నర ఇచ్చి ఉంటే అబ్బా పిలుపు ఇవాళ నా దగ్గర ఉండేది.

బుద్ధిగా వాడే మంచి కార్డులోంచి కూడా ఫోటోలు పోవచ్చు. పొరపాటున చెరిపేస్తే ఆ కార్డు మీద ఇక ఏమీ తీయకుండా బయటికి తీసెయ్యండి. పైన కొత్తది రాయనంత వరకు పాతది లోపలే ఉంటుంది. ఫొటోరెక్ అనే ముఫ్త్ ప్రోగ్రాం చాలావరకు వెనక్కి తెస్తుంది. అబ్బా కార్డు మీద అదీ నడిపి చూశాను. రాయనిది ఎలా వస్తుంది?

ఆదివారం ఫజర్ చదివి బయల్దేరాం. శామీర్‌పేట దగ్గర రింగురోడ్డెక్కి, ముత్తంగి దగ్గర బొంబాయి హైవేలో దిగి, జహీరాబాద్ దాటి బీదర్. ముందు అష్టూరు వెళ్లాం, బహమనీ బాద్‌షాల మక్బరాలకు. అహ్మద్ షా వలీ మక్బరా లోపల గోడల నిండా, పైకప్పు నిండా రంగులు, బంగారు రాతలు, కానీ కటిక చీకటి. అక్కడి పెద్దాయన గుమ్మం దగ్గర అద్దం పట్టుకుని ఎండను లోపలికి తిప్పాడు. ఫ్లాష్ ఆపేసి, అమ్మీ చెయ్యి వదలకుండా, ఒక్క చేత్తో తీశాను. వచ్చింది. మహమూద్ గవాన్ మదర్సా దగ్గర అమ్మీ కింద నుంచి ఆ ఒక్క మీనారు వైపు చూస్తూ "దీని నీడలో ఆడుకునేవాళ్లం" అంది.

మధ్యాహ్నం ఇంటికి. సామాను అప్పటికే తీసేశారు. లోపల చీకటి, సున్నం వాసన. అమ్మీ ఒక్కో గోడ తడుముతూ నడిచింది. ఇక్కడ చూల్హా, ఇక్కడ నానీ జానమాజ్, ఇక్కడ నానా హుక్కా. చివరికి వెనక దాలాన్ గడప మీద కూర్చుంది. కెమెరా ఎత్తాను.

"కైకు రే? ముసలిదాన్ని తీసి ఏం చేస్తావ్?"

"కూర్చో అమ్మీ, ఒక్క నిమిషం."

కాదనలేదు. దుపట్టా సర్దుకుంది.

రాత్రి మామూ ఇంట్లోనే కార్డులోవి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను, పెన్‌డ్రైవ్‌లోకి ఇంకోసారి. మొదటి కార్డు బేగం పర్సులో పెట్టి, "ఇది అమానత్, నా జేబులో ఉండొద్దు" అన్నాను. రెండో రోజు రెండో కార్డు.

ఇంటికొచ్చాక అన్నీ కాదు, ఇరవై నాలుగు ఏరి ప్రింట్లు వేయించాను. కార్డయినా కంప్యూటరయినా ఎప్పుడో ఒకరోజు మొరాయిస్తుంది. కాగితానికి కరెంటు అక్కర్లేదు. అమ్మీ చేతిలో పెడితే అద్దాలు పెట్టుకుని, ఆపరేషన్ అయిన కంటికి దగ్గరగా తెచ్చుకుని, ఒక్కోటీ చూసింది. దాలాన్ గడప ఫోటో దగ్గర ఆగిపోయింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ అబ్బూ వాళ్ల నానీ ఎలా ఉండేదని అడుగుతావు కదా, చూడు. అమ్మీ అచ్చం ఇలాగే కూర్చునేది. ఆ గడప మీదే. మొహం కూడా ఇదే."

మా అమ్మాయి ఆ ప్రింటు వెనక తారీఖు రాసింది. కింద బీదర్ అని ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసింది. అమ్మీ దాన్ని ఆల్బంలో పెట్టనివ్వలేదు. తన పేటీలో, నానీ ఇచ్చిన జానమాజ్ మడతలో దాచుకుంది.