మూడేళ్ళ రాజధాని, మా ముందరి గది
మా కర్నూలు ఇంటి ముందరి గది కథను అవ్వ నోట ఎన్నిసార్లు విన్నామో! 1953 అక్టోబరు 1న మద్రాసు నుండి విడివడి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక పుణ్యమా అని రాజధాని రాయలసీమకు, అందునా మా ఊరికి దక్కింది. భవనాలు చాలక కార్యాలయాలు గుడారాలలో వెలిశాయి. మద్రాసు నుండి వచ్చిన గుమాస్తా కుటుంబమొకటి మా ముందరి గదిలో అద్దెకు దిగింది.

1956 నవంబరు 1న తెలంగాణతో కలసి ఆంధ్రప్రదేశ్ అవతరించింది; రాజధాని హైదరాబాదుకు తరలింది, వారూ వెళ్ళిపోయారు. రాజధాని పోయినందుకు అవ్వ ఏనాడూ వగచలేదు. (తాతగారు మాత్రం వగచారు.) ఆ ఇల్లాలు మళ్ళీ ఒక్క జాబైనా వ్రాయలేదన్నదే ఆమె బాధ.

మేము ఈ దేశానికి బయలుదేరిన నాడు, "మీరన్నా జాబులు రాస్తారా?" అని అడిగింది. రెండేళ్ళు వ్రాశాము. తరువాత ఇంటికి ఫోను వచ్చింది. అవ్వకు వినికిడి తక్కువ.