చెరకు సీమలో చలిమంట

నిజామాబాదు నుండి బోధనుకు పాతిక కిలోమీటర్ల దారి. సంక్రాంతికి ముందు వారంలో ఆ దారిన వెళ్లాము. ఈ జిల్లా ఎండలు అందరికీ తెలిసినవే గాని, ఇక్కడి చలి కూడ తక్కువది కాదు. కొన్ని రాత్రులు 10 డిగ్రీలకు దిగుతుంది. దారిపొడుగునా చలిమంటలు, వాటి చుట్టూ గొంగళ్లు కప్పుకున్న పెద్దలు కనిపించారు.

బోధనును ఆనుకొని ఉన్నదే శక్కర్‌నగర్. మంజీరపై 1931లో నిజాంసాగర్ పూర్తయి నీళ్లు వచ్చాక ఈ నేలలో చెరకు పెరిగింది. 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. చక్కెర మిల్లుల్లో మాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది వాటి పొయ్యి. టన్ను చెరకు ఆడితే పావు టన్నుకు పైగా పిప్పి మిగులుతుంది. అందులో సగం నీరే. అయినా ఆ పిప్పినే బాయిలర్లలో కాల్చి, ఆవిరితో యంత్రాలు తిప్పి, ఆ ఆవిరితోనే రసం మరగబెడతారు. చెరకు తన్ను తానే వండుకొంటుందన్నమాట! బెల్లం బట్టీల దగ్గరా అంతే, కాకపోతే అక్కడ పిప్పిని ఎండబెట్టి మరీ వాడతారు. పసుపు ఉడకబెట్టేవారికి ఎండిన చెరకాకు ఉండనే ఉంది.

ఇక ఇంటి పొయ్యి సంగతి. 1999లో దీపం పథకం వచ్చినప్పటి నుండి గ్యాసు చాలా ఇండ్లకు చేరింది. అయినా స్నానాల నీళ్లకు, చలికి కట్టెలే దిక్కు. మేము బస చేసిన ఇంట్లో పెద్దమ్మ పాత గూనపెంకుల ఇంటిని తలచుకొని, "అప్పుడు కుంపటి మంచం కాడ పెట్టుకొని పండుకునేటోళ్లం సార్, ఏం కాలేదు" అన్నారు. ఏమీ కాకపోవడానికి కారణం ఆ పెంకులే. వాటి సందుల్లోంచి పొగా గాలీ బయటికి పోయేవి. ఇప్పుడు అదే ఇంటికి స్లాబు పడింది, కిటికీలకు అద్దాలు వచ్చాయి. కుంపటి మాత్రం మారలేదు.

ఇక్కడే ప్రాణాపాయం. బొగ్గులు ఎర్రగా మండుతూ పొగ కనిపించకపోయినా, కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతూనే ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మత్తు దాని గుర్తులు; నిద్రలో ఉన్నవారికి అవీ తెలియవు. తలుపులు మూసిన గదిలో పసిపిల్లలతో సహా నిద్రపోయినవారు తెల్లవారి లేవని సంగతులు పత్రికల్లో ఏటేటా చదువుతున్నాము. పేతురు చలి కాచుకొన్న మంట కూడ ఆరుబయట, నడుముంగిట వేసినదే సుమా!

మంచు కురిసే దేశాల్లో ఇంటి లోపలే కట్టెల పొయ్యి పెడతారు. అయితే ఇనుప పొయ్యికి తలుపుంటుంది, పొగగొట్టం కప్పు దాటి పైకి పోతుంది. రంపపు పొట్టును గట్టిగా నొక్కి, పెన్సిలంత లావు ముక్కలుగా చేసిన పెల్లెట్లను కాల్చే పొయ్యిలూ ఉన్నాయి. వాటిని మర కొంచెం కొంచెంగా లోపలికి అందిస్తుంది. కరెంటు పోతే ఆగిపోతుంది. మన పల్లెలకు ఆ ఒక్క చిక్కు చాలు! వాళ్లు కట్టెలను ఏడాది ముందే చీల్చి ఆరబెట్టే అలవాటు మాత్రం మనకూ పనికొస్తుంది. పచ్చికట్టెలో సగం దాకా నీరే ఉంటుంది. వేడంతా దాన్ని ఆరబెట్టడానికే పోయి, మనకు మిగిలేది పొగే.

ఆ సాయంత్రం పెద్దమ్మ కుంపటిని వసారాలో ఉంచి, అందరూ వెచ్చబడ్డాక నీళ్లు చల్లి ఆర్పించారు. పిల్లలకు లోపల రెండేసి బొంతలు పరిచారు.