మూడు కుక్కల రాత్రి

మిన్నెసోటాకు వచ్చిన కొత్తలో చలి గురించి నాకు తెలిసిన ఇంగ్లీషు మాట ఒక్కటే, 'కోల్డ్'. ఇక్కడివాళ్లకు ఆ ఒక్క మాట చాలదు. మా ఎదురింటి పెద్దాయన దగ్గరైతే జంతువులతో కూడిన సామెతల మూటే ఉంది. 2022లో క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, చెత్తడబ్బాను మంచులో ఈడ్చుకెళ్తూ నన్ను చూసి "ఈ రాత్రి త్రీ డాగ్ నైట్, జాగ్రత్త" అన్నాడు. అదేదో సినిమా కాబోలనుకుని ఇంట్లోకొచ్చి ఫోన్లో వెతికాను. 1960ల చివర్లో పుట్టిన ఒక రాక్ బృందం పేరు దొరికింది. ఆ పేరు వెనక ఉన్న మాట దొరికాక నవ్వొచ్చింది. ఒక కుక్కను పక్కలో వేసుకుంటే సరిపోయే చలి ఒకటి, రెండు కుక్కలు కావాల్సిన చలి ఇంకొకటి, మూడు కుక్కలుంటే తప్ప తెల్లవారని చలి మరొకటి. ఇది ఆస్ట్రేలియా ఆదివాసుల మాటని కొందరు, మంచు దేశాల వాళ్లదని ఇంకొందరు అంటారు.

నేను చదివింది బీజడ్‌సీ. లెక్క వేయకుండా ఉండలేకపోయాను. పాతిక కిలోల కుక్క ఊరికే పడుకుని ఉన్నా దాదాపు 40 వాట్ల బల్బంత వేడి వదులుతుంది. మూడైతే 120 వాట్లు. పైగా కుక్క ఒంటి వేడి మనకంటే ఎక్కువ, దానికి 101, 102 ఫారెన్‌హీట్ మామూలే. కంబళి మన వేడిని మాత్రమే పట్టి ఉంచుతుంది, కుక్క తన వేడి కూడా ఇస్తుంది. ఈ లెక్కంతా మావారికి చెప్పి మురిసిపోయాను.

ఆ రాత్రి మా లడ్డు గరాజ్‌లో పడుకున్నాడు.

అప్పటికి లడ్డు మా ఇంటికొచ్చి నాలుగు నెలలు. షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. టెక్సాస్ నుంచి వచ్చిన కుక్క, మనలాగే ఎండ దేశం వాడు. పొట్టి బొచ్చు, సన్నటి చెవులు. మా అత్తమ్మ నవంబరులో ఆదిలాబాద్ నుంచి వచ్చేదాకా హాల్లో సోఫా పక్కనే పడుకునేవాడు. అత్తమ్మకు కుక్కలంటే అసహ్యమేమీ లేదు. ఊళ్లో రోజూ రెండు కుక్కలకు అన్నం పెడుతుంది. కానీ "ఇంట్ల కుక్కేంది బిడ్డా? కుక్కంటె వాకిట్ల ఉండాలె" అంది. దేవుడి అల్మారా వంటింట్లోనే ఉంది, వాడు వంటింట్లోనే తిరుగుతాడు. ఆరు నెలలకోసం వచ్చిన మనిషితో గొడవెందుకని వాడి పరుపు గరాజ్‌లోకి మార్చాను. బొచ్చు ఉంది కదా, ఏమవుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. గరాజ్‌కు హీటర్ లేదు.

తెల్లారి తలుపు తీస్తే వాడు లేవలేదు. పరుపు మీద ముద్దలా ముడుచుకుని, ముక్కు మీద తోక కప్పుకుని వణుకుతున్నాడు. నీళ్ల గిన్నె గడ్డ కట్టింది. ఎత్తుకుని లోపలికి తెచ్చాక చెవి కొసలు తెల్లగా పాలిపోయి ఉండటం చూశాను. నేను రుద్దబోతుంటే మావారు ఆపి ముందు వెట్‌కు ఫోన్ చేశారు. ఆపడమే మంచిదైంది. గడ్డ కట్టిన చర్మాన్ని రుద్దితే లోపలి కణాలు ఇంకా దెబ్బతింటాయట. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ మెల్లగా అద్దమన్నారు. లేత ఫ్రాస్ట్‌బైట్, కొన్ని రోజుల్లో తగ్గింది. ఎడమ చెవి కొసన మాత్రం వెంట్రుకలు మళ్లీ సరిగ్గా రాలేదు. ఇప్పటికీ ఆ చెవి నిమిరినప్పుడల్లా నా వేలికి తగులుతుంది.

బొచ్చు ఎలా పనిచేస్తుందో తెలియనిదాన్ని కాదు. వెంట్రుకలు వెచ్చగా ఉండవు, వాటి మధ్య చిక్కుకున్న గాలి వెచ్చదనాన్ని ఆపుతుంది. హస్కీ లాంటి వాటికి పైన గరుకు బొచ్చు, కింద దూది లాంటి బొచ్చు, రెండు పొరలుంటాయి. లడ్డుకు ఆ రెండో పొర లేదు. పాదాల సంగతి ఇంకా వింత. పెంగ్విన్ కాళ్లలో కిందికి పోయే వెచ్చని రక్తం, పైకి వచ్చే చల్లని రక్తం పక్కపక్కనే ప్రవహించి వేడిని ఒకదానికొకటి అందించుకుంటాయని డిగ్రీలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. కుక్క అరికాళ్లలో కూడా అదే ఏర్పాటు ఉందని 2011లో జపాన్ పరిశోధకులు ప్రచురించారు. అందుకే అవి మంచు మీద నడవగలుగుతాయి. చెవులకు మాత్రం అంత రక్షణ లేదు. ఇదంతా తెలిసి కూడా వాణ్ణి గరాజ్‌లో పడుకోబెట్టింది నేనే. అత్తమ్మ మీదికి నెట్టేయడం తేలిక, కానీ గరాజ్ ఎంత చల్లగా ఉంటుందో ఆమెకేం తెలుసు?

ఆ రోజు అత్తమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం లడ్డు పరుపు హాల్లో ఉండటం చూసి పక్కనుంచి నడిచి వెళ్లింది.

జనవరి ఆఖరి ఆదివారం డులూత్ వెళ్లాం. అక్కడ ఏటా జాన్ బేర్‌గ్రీస్ పేరుమీద కుక్కబండ్ల పందెం జరుగుతుంది, పిల్ల చూడాలంది. మా ఊరి నుంచి ఐ-35 మీద రెండున్నర గంటల దారి. హింక్లీ దగ్గర ఆగి కారులోనే పులిహోర తిన్నాం. చివర్లో కొండ మీదికెక్కగానే ఒక్కసారిగా కింద ఊరు, ఓడల కోసం పైకి లేచే వంతెన, ఆ వెనక సుపీరియర్ సరస్సు. సరస్సు నిండా పొగ! నీళ్ల కంటే గాలి చాలా చల్లగా ఉంటే నీటి ఆవిరి అలా పైకి లేస్తుంది. అత్తమ్మ అద్దానికి ముఖం ఆనించి "సముద్రం కాగుతుందా ఏంది?" అంది.

దారిలో ఎదురింటి పెద్దాయన ఇంకో సామెత పిల్లకు చెప్పాను, 'బ్రాస్ మంకీ'. ఇత్తడి కోతికి కూడా ఏదో ఒకటి ఊడిపడేంత చలి అని. పాతకాలం మాటల్లో ముక్కో తోకో చెవులో ఊడేవి, తర్వాతి వాళ్లు నలుగురిలో అనలేనిది ఊడగొట్టారు. ఓడల్లో ఫిరంగి గుండ్లు పెట్టే ఇత్తడి పళ్లెం నుంచి పుట్టిందని చెప్పే కథ ఒకటి ఇంటర్నెట్ నిండా ఉంది, అది నిజం కాదు. మనకేమన్నా తక్కువా? చిత్తకార్తె కుక్క అని మనమంటాం, అదేంటమ్మా అని పిల్ల అడిగితే నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇంగ్లీషులో 'డాగ్ డేస్' అంటే కుక్క పేరున్న సిరియస్ నక్షత్రం సూర్యుడితో పాటు ఉదయించే మండువేసవి రోజులు. మనకేమో అక్టోబరులో చిత్తకార్తె. ఎవరి ఆకాశంలో చూసినా కుక్క ఉంది.

"మరి గజగజ అంటే ఏనుగు వణికినట్టా?" అని అడిగింది మా ఎనిమిదేళ్లది. వినాయకుడి పేర్లలో గజ నేర్చుకుంది పాపం. కాదు తల్లీ, అది ఒట్టి చప్పుడు మాట అని చెబితే నమ్మలేదు.

పందెం ఊరి అంచున మొదలవుతుంది. కారు దిగగానే ముక్కులో తేమ గడ్డ కట్టిన చురుకు తెలిసింది. మేం ఊహించుకున్నవి సినిమాల్లో చూసే బొద్దు బొద్దు హస్కీలు. అక్కడున్నవి సన్నగా, పొడుగు కాళ్లతో, మన ఊరకుక్కల్లా ఉన్నాయి. "గింత బక్కగున్నయి, గివేనా గుంజేది?" అంది అత్తమ్మ. బండి కట్టాక వాటి గోల వినాలి, ఎగిరి ఎగిరి మొరుగుతూ తాళ్లు తెంపుకునేలా ఉన్నాయి. బయల్దేరమనగానే మాత్రం ఒక్కసారిగా నిశ్శబ్దం. మంచు మీద బండి జారే చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఈ బేర్‌గ్రీస్ ఎవరంటే, ఈ సరస్సు ఒడ్డున ఉండే అనిషినాబె జాతి మనిషి. రోడ్డు లేని రోజుల్లో, 19వ శతాబ్దం చివర దాదాపు ఇరవై ఏళ్లపాటు టూ హార్బర్స్ నుంచి గ్రాండ్ మారే దాకా టపా మోశాడు. ఎండాకాలం పడవ, చలికాలం కుక్కబండి. అక్కడి ఊళ్లకు ఉత్తరం అందాలంటే ఆ కుక్కలు బతికుండాలి. కుక్కను వెచ్చగా ఉంచడం ఆ దారిలో ముద్దు కాదు, పని. ఆ సంగతి అక్కడ నిలబడితే అర్థమైంది.

ఒక ట్రక్కు పక్కన ఒకావిడ తన కుక్కలను చూసుకుంటోంది, నా వయసే ఉంటుంది. లడ్డు చెవి సంగతి చెప్పి ఏం చేయాలని అడిగాను. ఆవిడ తిట్టలేదు, ఒక్కొక్కటే చూపించింది. పాదాలకు గుడ్డ మేజోళ్లు. బండి లాగనప్పుడు ఒంటికి కోట్లు. కొవ్వు బాగా ఉన్న మాంసం, ఎందుకంటే పొడుగు పందెంలో ఒక్కో కుక్క రోజుకు 10,000 కేలరీల దాకా ఖర్చు చేస్తుంది. లోపల నిప్పు రగలడానికి కట్టెలుండాలి కదా. మధ్యలో ఆగే చోట్ల వెట్లు ప్రతి కుక్కనూ చూస్తారట. పడుకోవడానికి దుప్పట్లు వేయరు, ఎండుగడ్డి వేస్తారు. దుప్పటి ఊపిరి తేమకు తడిసి గట్టిపడుతుంది, గడ్డి తేమను కిందికి వదిలేసి గాలిని పట్టుకుంటుంది.

ఇదంతా నేను అత్తమ్మకు చెబుతుంటే ఆమె నా వైపు చూడటం లేదు. ట్రక్కు పక్కన గడ్డిలో గుండ్రంగా చుట్టుకున్న ఒక కుక్కను చూస్తోంది.

"దూడలకేసినట్టే ఏసిన్రు" అంది. కాసేపాగి, "చలి ముదిరితె మేం మేకలకు గోనెపట్ట కడ్తం గద. తడి తగలకుంట చూస్తం. నాకీ ముచ్చట ఎవరన్న అడిగితె గద" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. పుస్తకంలో చదివిన దాన్ని నేను, పశువుల కొట్టంలో నలభై చలికాలాలు గడిపిన మనిషి ఆమె. ఆదిలాబాద్ చలి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలంగాణలో చలి వార్త రాగానే ముందొచ్చే పేరు ఆ జిల్లాదే. కుక్క ఇంట్లో ఉండొద్దంది కానీ చలిలో ఉండమని ఆమె ఎప్పుడూ అనలేదు. ఆ రెంటికీ మధ్య ఒక కొట్టం, ఒక గోనెపట్ట, కాస్త గడ్డి ఉంటాయని నేనే మరిచిపోయాను.

తిరుగు దారిలో పిల్లకు కథ చెప్పింది. చలిరాత్రి కుక్క ముడుచుకుని పడుకుని, నేనింతే ఉన్నాను, చిన్న ఇల్లు చాలు, తెల్లారగానే కట్టుకుంటా అనుకుంటుందట. పొద్దెక్కాక ఎండలో ఒళ్లు బారజాపి, అమ్మో ఇంత ఉన్నాను, ఇంత ఇల్లు ఎవరు కడతారులే అని మళ్లీ నిద్రపోతుందట. ముడుచుకుంటే ఉపరితలం తగ్గి వేడి నిలుస్తుందని నా సైన్సు చెబుతుంది. కథ కూడా అక్కడినుంచే మొదలవుతుంది.

మర్నాడు అత్తమ్మ పెట్టె అడుగునుంచి తన గొంగడి తీసింది. మోకాళ్ల నొప్పులకని ఇండియా నుంచి మోసుకొచ్చిన నల్ల గొర్రెబొచ్చు గొంగడి. కత్తెర అడిగింది. వద్దత్తమ్మా, ఆన్‌లైన్‌లో కోటు కొంటానన్నా వినలేదు. మూడో వంతు కత్తిరించి, కడుపు కింద ముడి వచ్చేలా పట్టీలు కుట్టింది. ఉన్ని కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది, నూలుబట్ట అలా కాదు. లడ్డు మొదటిరోజు దాన్ని వేసుకుని విగ్రహంలా నిలబడిపోయాడు, అడుగు వేయడు. "నడువురా, కొత్త పెండ్లికొడుకా" అంది. అంతకుముందు ఆమె వాణ్ణి 'అది' అనేది.

ఇప్పుడు మా పద్ధతి చెబుతాను, మీ ఇంట్లోనూ కుక్క ఉంటే పనికొస్తుంది. సున్నా ఫారెన్‌హీట్ దిగువకు పడితే బయటికి వెళ్లడం పని కానిచ్చుకునేంత సేపే. కాలు మార్చి కాలు ఎత్తుతున్నాడంటే వెంటనే వెనక్కి. రోడ్ల మీద చల్లే ఉప్పు పాదాలను మండిస్తుంది, వాడు నాకితే కడుపుకు మంచిది కాదు, అందుకని గుమ్మం దగ్గర గోరువెచ్చని నీళ్ల టబ్బు. కారు యాంటీఫ్రీజ్ చుక్క కింద పడితే అప్పుడే కడిగేయాలి, తియ్యగా ఉంటుంది కానీ ప్రాణం తీస్తుంది. స్నానం చేయిస్తే పూర్తిగా ఆరేదాకా తలుపు తీయం.

అత్తమ్మ ఏప్రిల్‌లో వెళ్లిపోయింది, మిగిలిన గొంగడి తీసుకుని. లడ్డు పడుకునే చోటు మళ్లీ మారింది, ఈసారి వాడే మార్చుకున్నాడు. వంటింట్లో స్టవ్ ముందు నేల మీద వేడిగాలి వచ్చే జల్లెడ ఉంది, దాని మీద. పొద్దున్నే నేను టీ పెట్టాలంటే ముందు వాణ్ణి లేపాలి. మన ఊళ్లో పొయ్యిలో పిల్లి లేవలేదంటే ఆ ఇంట్లో ఇంకా పొయ్యి రాజెయ్యలేదని, తినడానికి ఏమీ లేదని అర్థం కదా. చల్లారిన పొయ్యిలో వెచ్చని బూడిద మీద పిల్లి పడుకుని ఉంటుంది, దాన్ని లేపే పని ఇంటి ఆడదానికి పడలేదని.

మాకు పొద్దున, అక్కడ సాయంత్రం. వీడియో కాల్‌లో అత్తమ్మ ముఖం కనబడగానే మొదటి మాట అదే.

"ఏం బిడ్డా, పొయ్యిల కుక్క లేచిందా?"

ఫోన్ కిందికి తిప్పి చూపిస్తాను. వాడు ఒక కన్ను తెరిచి, ఆ సగం చెవి కదిపి, మళ్లీ మూసుకుంటాడు.