పురుగు ముట్టిన రాత్రి

"పురుగు ముట్టింది సార్." ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు నుంచి వానాకాలం రాత్రుళ్లు మా ఆసుపత్రికి వచ్చేవాళ్ల మొదటి మాట ఇదే. పురుగంటే పాము. రొయ్యల గుంటల కాపలావాళ్లు, మడికి నీళ్లు కట్టే రైతులు, ఎలుకల బొరియలు తవ్వే యానాది కూలీలు. ఒళ్లంతా చెమట, గుండె దడ, చేతులకు తిమ్మిరి. అది విషం కానక్కర్లేదు, భయమే అంత పని చేస్తుంది.

పాముకాటు ప్రథమచికిత్సలో మాకు నేర్పే మొదటి పని ధైర్యం చెప్పడం. కాట్లలో దాదాపు 70 శాతం విషం లేని పాములవే. విషసర్పం కరిచినా సగం సార్లు విషం ఎక్కదు.

సూళ్లూరుపేట దగ్గరి పొలిరెడ్డిపాలెం స్టేషన్‌లో నరసయ్య గారనే రైల్వే ఉద్యోగి ఉండేవారట. ఎక్కడ కాటు పడినా ఆయనకు తంతి కొడితే మంత్రం వేసేవారని పెద్దలు చెబుతారు. జెర్రిపోతు కరిచినవాడికి ఆ తంతి నిజంగానే మందు. రక్తపింజరి కరిచినవాడికి ఆ ఎదురుచూపే ప్రాణాంతకం.

ఒక కాపలా మనిషిని మోకాలి కింద వలతాడు బిగించి తెచ్చారు. పాదం అప్పటికే కమిలింది. విషానికి విరుగుడు దగ్గర పెట్టుకుని తాడు మెల్లగా వదిలాం. భార్య ఒకటే ఏడుపు. "ఏం కాదులే" అని నేను అనను. తెలియనిదాన్ని తెలిసినట్టు చెబితే, తర్వాత నా మాట నమ్మరు. 2 మిల్లీలీటర్ల రక్తం పొడి గాజుగొట్టంలో పోసి, ఆమెకు కనబడేచోటే నిలబెట్టించాను. "20 నిమిషాలు దీన్ని కదపకూడదమ్మా. వంచినప్పుడు గడ్డకట్టి ఉంటే మంచిది, నీళ్లలా జారితే వెంటనే విరుగుడు ఎక్కిస్తాం" అన్నాను. ఆమె కళ్లు గొట్టం మీదే. ఏడుపు ఆగింది.

గడ్డకట్టింది. "ఇంక ఇంటికి పోదామా సార్?"

వద్దన్నాను. కట్లపాము విషం రక్తం జోలికి పోదు, నరాలను పడుతుంది. కాటు దగ్గర నొప్పి, వాపు లేకపోవచ్చు. గంటలు గడిచాక రెప్పలు వాలతాయి, ఆపైన ఊపిరి అందదు. అందుకే 24 గంటలు ఉంచాలి. "రెప్పలు నువ్వే కనిపెట్టుకుని ఉండమ్మా, వాలితే నర్సును కేకెయ్యి" అని ఆమెకే అప్పగించాను.

మరునాడు పంపించేటప్పుడు, ఇంకోసారి ఇలాగైతే తాడు కట్టకుండా, కాలు కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయమన్నాను.

"మంత్రం వేయించుకుని రావచ్చా సార్?"

"దారిలో ఫోన్‌లో వేయించుకోండమ్మా. బండి మాత్రం ఎక్కడా ఆపొద్దు."