యలహంక నుంచి అమ్మకు

రైల్లో, నంద్యాల దాటాక
12 ఫిబ్రవరి 2025, రాత్రి

అమ్మా,

నాన్నకి కింది బెర్తే దొరికింది, కంగారు పడకు. నువ్వు కట్టిచ్చిన పులిహోర గిద్దలూరు రాకముందే ఖాళీ. అందులో సగం ఎదుటి బెర్తు కుర్రాడికి పెట్టాడు నాన్న. పెట్టి, తిననిచ్చి, ఆ తర్వాత వాడితో పోట్లాట పెట్టుకున్నాడు.

ఆ అబ్బాయిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడూ మాలాగే ఏరో ఇండియా విమాన ప్రదర్శనకే వెళ్తున్నాడు. మాటల్లో మాటగా "ఈ రోజుల్లో ఫైటర్‌లో ఇద్దరెందుకు అంకుల్? ఒకడు చాలు, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది" అన్నాడు. గ్వాలియర్‌లో మిరాజ్ ఫైటర్‌ల దగ్గర అన్నేళ్ళు చాకిరీ చేసిన మనిషి ముందు అనాల్సిన మాటేనా అది! నాన్న లేచి కూర్చున్నాడు. సుఖోయ్-30 వెనక సీట్లో కూర్చునేవాడు ఏం చేస్తాడో, రాడార్ ఎలా చూస్తాడో, బాంబుకి గురి ఎలా కుదురుస్తాడో మొదలుపెట్టాడు. టీటీఈ వచ్చి టికెట్ అడిగినా ఆగలేదు.

కుర్రాడూ తక్కువవాడు కాదు. "మరి అమెరికా వాళ్ళ ఎఫ్-22, ఎఫ్-35 రెండింట్లోనూ ఒకే సీటు కదా" అన్నాడు. పై బెర్తు మీద నుంచి నేనే అందుకున్నాను. ఎఫ్-22కి రెండు సీట్ల రకం కూడా చేద్దామనే అనుకున్నారు, ఖర్చు తగ్గించుకోవాలని 1996లో మానేశారు అని. నాన్న నా వైపు చూసిన చూపు, పదో తరగతిలో లెక్కల్లో నూరు తెచ్చుకున్నప్పుడు కూడా చూడలేదు!

కానీ ఆ తర్వాత ఆయనే ఇరుక్కున్నాడు. రెండు సీట్ల మిరాజ్‌లో లోపలి ఫిరంగులు రెండూ తీసేశారనీ, ఇంధనం కూడా కొంత తగ్గిందనీ గొప్పగా చెప్పబోయాడు. "అదే కదా అంకుల్ నేనంటున్నది" అన్నాడు వాడు. ఇప్పుడు ఇద్దరూ గురక పెడుతున్నారు. డోన్ వస్తున్నట్టుంది. నాకు నిద్ర రావడం లేదు, ఏసీ మరీ చల్లగా ఉంది.


యలహంక, లాడ్జిలో
13 ఫిబ్రవరి, రాత్రి

అమ్మా,

ముందు తిండి సంగతి చెప్పాలి, లేకపోతే నాన్న ఊరుకోడు.

గుంటూరులో రైలెక్కక ముందు నుంచీ ఆయన మనసు దొన్నె బిర్యానీ మీదే ఉందని నీకు తెలుసు. కానీ ప్రదర్శన కారణంగా ఇక్కడ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ చుట్టూ 13 కిలోమీటర్ల లోపు జనవరి 23 నుంచి ఈ నెల 17 దాకా మాంసం అమ్మకూడదు, వండి పెట్టకూడదు. ఎముకలూ పేగులూ బయట పడేస్తే గద్దలు మూగుతాయి. ఆ గద్ద ఇంజన్‌లో దూరితే ఇంకేమైనా ఉందా! అది నాన్నకి ఎవరూ చెప్పక్కర్లేదు, రన్‌వే మీద పక్షుల్ని తోలిన మనిషి. అయినా ఆకలికి ఆ జ్ఞానం పనికిరాలేదు. హోటల్ తర్వాత హోటల్ ఎక్కి దిగాం. ప్రతిచోటా బోర్డు మీద కోడి బొమ్మ ఉంటుంది, లోపల వెజ్ పలావు ఉంటుంది. చివరికి ఒకచోట రాగిముద్ద, ఆకుకూరల సారు (మన చారు లాంటిది) దొరికాయి. నాన్న ముద్దని బుగ్గన పెట్టుకుని నముల్తుంటే వడ్డించే పెద్దాయన వచ్చి "నమలకూడదు సార్, సారులో ముంచి మింగాలి" అని పక్కన నిలబడి మరీ మింగించాడు. చిన్నపిల్లాడికి మాత్ర వేసినట్టు! షుగర్‌కి మంచిదేలే అన్నాను. పలకలేదు.

ఆటోవాడు ఆరు వందలు అడిగాడు. నాకొచ్చిన రెండు ముక్కల కన్నడంలో బేరమాడుతుంటే, వాడు తెలుగులో "మాది మదనపల్లె మేడమ్, తెలుగువాళ్ళైనా తగ్గించలేను, రోడ్లన్నీ మూసేశారు" అన్నాడు. నాన్న దిగి నడుస్తానన్నాడు. నాలుగు వందలకి తెగింది. బళ్ళారి రోడ్డు మీద బళ్ళు కదలక, ఆ నాలుగు వందలకి నడిచినంత సేపే పట్టింది.

ప్రదర్శనలో మన వైమానిక దళం సూర్యకిరణ్ జట్టు విన్యాసాలు బాగున్నాయి, ఫోటోలు చూపిస్తాను. రష్యా సుఖోయ్-57 నెత్తి మీద నుంచి వెళ్తే గుండె అదిరింది. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం ఎఫ్-35 దగ్గర. తాడు కట్టి దూరం పెట్టారు, అయినా చూడాల్సింది కనపడింది. పైలట్ తలకి సరిగ్గా వెనక, ఆ వీపు. నిలువుగా దిగే బి రకానికి అక్కడ ఓ పెద్ద ఫ్యాన్ ఉంటుంది. ఇక్కడికి వచ్చిన ఎ రకంలో ఆ చోటంతా ఇంధనమే. ఎ లోపల 8.3 టన్నుల దాకా పడుతుంది, బి లో ఫ్యాన్ పుణ్యమా అని ఆరు. ఎఫ్-35 మూడు రకాలూ ఒకే మూసలోంచి రావాలి కాబట్టి రెండో మనిషికి చోటెక్కడిది? అందుకే వాళ్ళ పైలట్ సిమ్యులేటర్‌లోనే అన్నీ నేర్చుకుని, మొట్టమొదటిసారి ఎగిరినప్పుడే ఒంటరిగా ఎగురుతాడు. "పక్కన గురువు లేకుండానా?" అని నాన్న నోరు వెళ్ళబెట్టాడు.

మిరాజ్‌కైతే రెండో సీటు వల్ల లోపల తగ్గిన ఇంధనాన్ని రెక్కల కింద ట్యాంకులు తగిలించి పూడ్చుకోవచ్చు. ఎఫ్-35 లాంటి, రాడార్‌కి చిక్కకూడని స్టెల్త్ విమానం అలా తగిలించుకుంటే రాడార్‌కి తనే చేయెత్తి చూపించుకున్నట్టు. తిరుపతి ప్రయాణానికి నువ్వు చేతిసంచులు వద్దని అన్నీ ఒకే పెట్టెలో కుక్కుతావే, అదీ సంగతి: ఇంధనం, ఆయుధాలు, మనుషులు అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. పైలట్ మీది అద్దంతో ఇంకో తంటా. రాడార్ తరంగం అద్దంలోంచి లోపలికి దూరి సీటుకీ హెల్మెట్‌కీ తగిలి వెనక్కి పోతుంది. అది ఆపడానికి అద్దానికి పల్చటి లోహపు పూత వేస్తారు. ఇంకో మనిషి ఎక్కితే ఆ అద్దం పెరుగుతుంది, వీపు మీద గూని పెరుగుతుంది, ధ్వనివేగం దాటేటప్పుడు గాలి అడ్డం కూడా పెరుగుతుంది. బరువంటావా, ఇంకో సీటు, దాని కింద రాకెట్టు, ఆక్సిజన్, తెరలు, చల్లగాలి.

క్యూలో నిలబడి నాన్న చుట్టుపక్కల పిల్లలకి ఆ రాకెట్టు పాఠమే చెప్పాడు. ప్రమాదంలో మొదట వెనక సీటువాడు ఎగిరిపోవాలి, తర్వాతే ముందువాడు. క్రమం తప్పితే ముందువాడి రాకెట్ మంట వెనకవాడిని కాల్చేస్తుంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నా క్లాసులో ఇలా ఎప్పుడు వింటారో!


యలహంక
14 ఫిబ్రవరి, మధ్యాహ్నం

అమ్మా,

ఎండ మాడ్చేస్తోంది, నాకు తలనొప్పి. నాన్న మోకాళ్ళు పట్టేశాయి. అన్నయ్య ఫోన్ చేస్తే ఈ ముక్క చెప్పకు, వీల్ చెయిర్ అంటాడు.

పొద్దున టిఫిన్ హోటల్ టీవీలో ఒకటే గోల. ట్రంప్ మనకి ఎఫ్-35లు ఇచ్చే దారి వేస్తామన్నాడట. హోటలంతా సంబరపడింది. నాన్న దోసె తుంచుతూ "ఇస్తే మాత్రం, వెనక సీటేదీ?" అన్నాడు.

మన సొంత స్టెల్త్ ఫైటర్ ఆమ్కా నమూనా పూర్తి సైజులో పెట్టారు, ఇవాళ దానికే వెళ్ళాం. 25 టన్నుల విమానం, లోపల ఆరున్నర టన్నుల ఇంధనం, లోపలి అరల్లో 1,500 కిలోల ఆయుధాలు. నిరుడు మార్చిలో కేంద్రం దానికి 15,000 కోట్లు మంజూరు చేసింది. ఒకే సీటు. నాన్న దాని చుట్టూ తిరిగి తిరిగి, ఎవరో ఆహ్వానించి అవమానించినట్టు మొహం పెట్టాడు. మన వైమానిక దళం కూడా ఒకప్పుడు ఆయన మాటే అంది తెలుసా? రష్యాతో కలిసి చేద్దామనుకున్న సుఖోయ్-57 మన రకానికి రెండు సీట్లే అడిగారు. 2010 డిసెంబర్లో డిజైన్ కోసం 295 మిలియన్ డాలర్ల ఒప్పందం. తర్వాత ఒక సీటు చాలన్నారు. 2018లో అసలు ఆ పొత్తులోంచే బయటికొచ్చేశాం.

నా లెక్క నాది. రెండో మనిషి చదువు చెప్పడానికైతే వద్దు, ఆ పని సిమ్యులేటర్ చేస్తుంది. చైనా వాళ్ళ జె-20ఎస్ మొట్టమొదటి రెండు సీట్ల స్టెల్త్ ఫైటర్, 2021 చివర్లో దాని ఫోటోలు బయటికొచ్చాయి. ఆ వెనకవాడు కూడా పాఠం చెప్పడానికి కాదనీ, పక్కన ఎగిరే డ్రోన్‌లకి పని పురమాయించడానికనీ అందరి అంచనా. నాకూ అదే నిజమనిపిస్తోంది. కానీ జె-20 పొడవు 21 మీటర్ల దాకా ఉంటుంది, ఆమ్కా 17.6. అంత పొడుగు దేహంలో ఒక మనిషిని ఎక్కించుకుంటే దానికి పెద్ద లోటు కాదు. ఆమ్కాలో ఎక్కిస్తే ఆ ఆరున్నర టన్నుల్లో చేయి పెట్టాల్సిందే. మన వాళ్ళు చేసింది సరైన పనే. డ్రోన్‌లని నడిపే మనిషి ఇంకో విమానంలో, తేజస్ వెనక సీట్లో కూర్చున్నా పని జరుగుతుంది. తేజస్ తయారుచేసే హెచ్ఏఎల్ వాళ్ళు అలాగే ఆలోచిస్తున్నారు.

ఇదంతా చెప్తే నాన్న "ఫిజిక్స్ పాఠం అయిందా?" అన్నాడు.

రైలు రాత్రికి. పనమ్మాయికి పాత చీర ఇస్తానన్నావు, నా నీలం చీర మాత్రం తియ్యకు. కింద ఖాళీ ఉంది, నాన్న ఏదో రాస్తానంటున్నాడు.

*ఇది రాసిన పొడవులూ టన్నులూ సరే. నెత్తి మీద మిసైల్ వస్తుంటే ఒక్కడే విమానమూ నడిపి నాలుగు డ్రోన్‌లనీ ఎలా చూస్తాడో అడుగు, చెప్పదు. మాత్రలు వేసుకున్నాను. ఆదివారానికి మటన్ చెప్పి ఉంచు.*